తారిఖ్ తండ్రి, టోనీ తాత

తెనాలిలో మా వీధిలో ఉండే ఇద్దరి మధ్య జరిగిన వాదన ఇది. ఒకాయన పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేసి రిటైరైన ప్లీడరుగారు. జీవితమంతా ముద్దాయిలకు శిక్ష వేయించడమే పనిగా పెట్టుకున్న మనిషి. ఆయన మేడ మీద వాటాలో అద్దెకుండే టీచరమ్మ సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతుంది. చుట్టరికమేమీ లేకపోయినా ఆయన్ని ‘బాబాయిగారూ’ అంటుంది. శనివారం పిల్లలకు పాఠం కాకుండా ఒక నిజం కథ చెప్పాలనుకుంది. ముందు ఆయనకు చెప్పి చూద్దామని కిందికి దిగింది. ఆయన వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో, ఆవిడ ఎందుకు ఊరుకోలేదో ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో నాకు తోచింది బ్రాకెట్లలో పెట్టాను.

టీచరమ్మ: 1995 జనవరి 21, శనివారం రాత్రి. అమెరికాలో శాన్ డియేగో, అందులో నార్త్ పార్క్ అనే పేట. తారిఖ్ ఖమీసా ఇరవయ్యేళ్ల కాలేజీ కుర్రాడు. ఖర్చుల కోసం పిజ్జాలు అందించే పనిలో ఉన్నాడు. నలుగురు కుర్రాళ్లు దొంగ అడ్రసిచ్చి పిజ్జా ఆర్డరు చేశారు, డబ్బివ్వకుండా లాక్కుందామని. తారిఖ్ ఇవ్వనన్నాడు. వెనక్కి తిరిగి కారెక్కాడు. ఆ గుంపుకి పెద్ద పద్దెనిమిదేళ్లవాడు, కాల్చమన్నాడు. పిస్తోలు టోనీ హిక్స్ చేతిలో ఉంది. వాడికి పద్నాలుగేళ్లు. ఒకటే తూటా. మా క్లాసు పిల్లల వయసండీ వాడిది.

ప్లీడరుగారు: చిన్నవాడి చేత పేల్పించడం అక్కడా ఇక్కడా ఒకటేనన్నమాట. పట్టుబడినా మైనరు కదా, తొందరగా బయటికొచ్చేస్తాడని లెక్క.

టీచరమ్మ: అక్కడ ఆ లెక్క తప్పింది. కాలిఫోర్నియాలో అప్పటిదాకా పదహారు దాటితేనే పెద్దవాళ్ల కోర్టుకి పంపేవాళ్లు. ఆ సంవత్సరం జనవరి 1 నుంచి ఆ వయసును పద్నాలుగుకు దించారు. ఇది జరిగింది ఇరవై రోజులకు. ఆ రాష్ట్రంలో కొత్త చట్టం కింద పెద్దవాడిగా బోనెక్కిన మొదటి పద్నాలుగేళ్లవాడు టోనీ. 1996లో నేరం ఒప్పుకున్నాడు. ఇరవై అయిదేళ్ల నుంచి యావజ్జీవం దాకా అని శిక్ష వేశారు.

ప్లీడరుగారు: మన దగ్గరైతే మూడేళ్లు. అదీ జైల్లో కాదు, స్పెషల్ హోములో. ఢిల్లీ నిర్భయ కేసు తరవాత 2015లో చట్టం మార్చినా, ఘోరమైన నేరమైతే పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లనే పెద్దవాళ్లలాగా విచారించవచ్చన్నారు. దానికి కూడా ముందు జువెనైల్ బోర్డు ఆ పిల్లాడి బుద్ధి ఎంత ఎదిగిందో చూడాలి. పద్నాలుగేళ్లవాణ్ణి ముట్టుకోనివ్వరు. సరే, చెప్పు.

టీచరమ్మ: తారిఖ్ తండ్రి అజీమ్ ఖమీసా. కెన్యాలో పుట్టిన ఇస్మాయిలీ ముస్లిం. అమెరికా వచ్చి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరుగా స్థిరపడ్డాడు. కబురు వినేసరికి వంటింట్లో ఉన్నాడట. కాళ్లలో సత్తువ పోయి కూలబడుతుంటే తల ఫ్రిజ్‌కి కొట్టుకుందని ఆయనే చెప్పుకున్నాడు. అలాంటి మనిషి ఆ దుఃఖంలోనే అన్న మాటేమిటంటే, ఆ తుపాకీకి రెండు వైపులా బాధితులే ఉన్నారని.

ప్లీడరుగారు: ఇదిగో, నాకు పడని మాట ఇదే. రెండు వైపులా ఏమిటమ్మా? ఒకవైపు వాడు పోయాడు. రెండోవైపు వాడు బతికే ఉన్నాడు, అన్నం తింటున్నాడు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో పెడితే చచ్చినవాడికి ఇంకెవరు దిక్కు? ప్రభుత్వం నాకు జీతమిచ్చింది ఎందుకనుకున్నావు? మాట్లాడలేనివాడి తరఫున నిలబడమని. అందుకే హత్య కేసులో ఫిర్యాది తండ్రి కాదు, రాజ్యం. తండ్రి క్షమించేశాడని కేసు కొట్టెయ్యరు.

టీచరమ్మ: కొట్టెయ్యమని అజీమ్ అడగలేదు కదండీ. కేసు దారిన కేసు నడిచింది. శిక్ష పడింది. ఆయన చేసింది వేరే. ఆయనకో ఆధ్యాత్మిక గురువు ఉండేవాడు. నలభై రోజులు దాటాక కూడా ఏడుస్తూ కూర్చుంటే పోయినవాడి ప్రయాణానికి అడ్డమని, వాడి పేరు మీద ఏదైనా మంచి పని చేస్తే అదే వాడికి దారిబత్తెమని చెప్పాడట. ఆ సంవత్సరమే కొడుకు పేరున తారిఖ్ ఖమీసా ఫౌండేషన్ పెట్టాడు. పిల్లల చేతికి తుపాకీ వెళ్లకుండా చూడడం దాని పని. తరవాత టోనీని పెంచిన తాత కోసం కబురు పెట్టాడు.

ప్లీడరుగారు: తండ్రి కోసం కాదా?

టీచరమ్మ: తండ్రి ఎప్పుడూ పక్కన లేడు. తల్లి టోనీని కన్నప్పుడు తనే చిన్నపిల్ల. తాత ప్లెస్ ఫీలిక్స్ దగ్గరే పెరిగాడు, ఆయన్నే ‘డాడీ’ అనేవాడు. ప్లెస్ వియత్నాం యుద్ధంలో పనిచేసిన గ్రీన్ బెరే సైనికుడు. క్రమశిక్షణ మనిషి. హోంవర్కు, ఇంటిపని, వేళకి రావడం, అన్నీ లెక్క ప్రకారం ఉండాలి. ఆ రోజే పిల్లాడు చీటీ రాసిపెట్టి ఇంట్లోంచి పారిపోయాడు. రాత్రికి హంతకుడయ్యాడు.

ప్లీడరుగారు: ఈ తాత గురించి ఇంకొంచెం చెప్పు.

(నాకు ఆశ్చర్యమేసింది. అప్పటిదాకా ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఈ మాటకి ముందుకు జరిగాడు.)

టీచరమ్మ: లాయరు ఆఫీసులో ఇద్దరూ కలిశారు, 1995 నవంబరులో. మీ కుటుంబం కోసం రోజూ ప్రార్థన చేస్తున్నానని ప్లెస్ అన్నాడు. చేతనైంది ఏదైనా చేస్తానన్నాడు. కొద్ది రోజులకి ఫౌండేషన్ మీటింగు అజీమ్ ఇంట్లో పెడితే వచ్చాడు. తారిఖ్‌కు అయినవాళ్లంతా కూర్చున్న గదిలోకి, వాణ్ణి చంపినవాడి తాతగా నడిచి వెళ్లాడు. నిలబడి, మా మనవడు మీ బిడ్డను చంపాడు, దానికి నా వంతు బాధ్యత నేను మోస్తానని చెప్పాడు. అక్కణ్ణుంచి ఈ ఇద్దరూ కలిసి బళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. పిల్లల ముందు పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. ఒకాయన, ఈయన మనవడు నా కొడుకును చంపాడంటాడు. రెండో ఆయన, ఔను, నా మనవడే అంటాడు. ఏళ్ల తరబడి ఇదే పని.

ప్లీడరుగారు: మీరందరూ అజీమ్‌ను మెచ్చుకుంటారు, నేను ఈయన్ని మెచ్చుకుంటాను. ముప్ఫై ఏళ్లలో నేనెన్ని హత్య కేసులు నడిపి ఉంటాను! ముద్దాయి తరఫు పెద్దమనిషి ఒక్కడంటే ఒక్కడు, చనిపోయినవాడి ఇంటి గడప తొక్కి, మావాడు చేసిన మాట నిజమే అన్నది నేను చూడలేదు. గడప తొక్కడం ఎందుకు లేదు, తొక్కుతారు. రాజీకి.

టీచరమ్మ: రాజీ అంటే? హత్య కేసులో రాజీ కుదరదంటారు కదా?

ప్లీడరుగారు: చట్టంలో కుదరదు. చిన్న కొట్లాటలు, తిట్లు, కొన్ని మోసం కేసులు, వీటికి ఫిర్యాది ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో సంతకాలు పెట్టించుకుని మూసేస్తారు. హత్యకి ఆ దారి లేదు. కాబట్టి వేరే దారి తవ్వుతారు. మొదట ఊరి పెద్దమనుషులు వస్తారు. పోయినవాడు ఎట్లాగూ రాడు, ఉన్నవాళ్లు బతకాలి, పగలు పెంచుకోవడం దేనికి అంటారు. చూడు, ఎంత మంచి మాటలో! నువ్వు రేపు పిల్లలకు చెప్పబోయే మాటలే ఇవి. తరవాత అర ఎకరం కౌలు, ఆడపిల్ల పెళ్లికి సాయం. ఆ తరవాత వాయిదా నాటికి సాక్షి అడ్డం తిరుగుతాడు. ఒక తల్లి నాకు ఇప్పటికీ గుర్తు. బోనెక్కి పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, ఎవరు కొట్టారో నేను సూడలేదయ్యా అంది. పోలీసుల ముందు పేర్లు చెప్పిన మనిషే. నేను హోస్టైల్ డిక్లేర్ చేసి క్రాస్ మొదలుపెట్టాలి, అది నా డ్యూటీ. కొడుకును పోగొట్టుకున్న తల్లిని అబద్ధాలకోరుగా నిలబెట్టి ప్రశ్నలడిగాను. ఆవిడ క్షమించిందంటావా?

టీచరమ్మ: లేదు.

ప్లీడరుగారు: ఊరు మాత్రం క్షమించిందనే చెప్పుకుంది. అందుకే నాకీ కథలంటే భయం. అజీమ్ దగ్గర అన్నీ ఉన్నాయి. డబ్బుంది, చదువుంది. ఆయన్ని వచ్చి బెదిరించేవాళ్లు లేరు. కేసు గట్టిగా నిలబడింది, ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. క్షమించనన్నా ఆయన మీద ఈగ వాలేది కాదు. కాదనగలిగిన మనిషి ఔనన్నాడు కాబట్టి దానికి విలువ. కాదనే దిక్కులేని వాడితో ఔననిపించేదాన్ని నేను క్షమాపణ అనను.

టీచరమ్మ: ఇందులో నాకు మీతో పేచీ లేదు బాబాయిగారూ.

ప్లీడరుగారు: పేచీ ఉండాలి. ఎందుకంటే నువ్వు చెప్పబోయేది ఎవరికి? మీ హాస్టల్లో సగం మంది పిల్లలు మాలమాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. చుండూరు ఇక్కడికి ఎంత దూరం? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వేటాడి చంపారు, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టమని జనం కొట్లాడి పెట్టించుకున్నారు. తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. ఇరవై ఒక్క మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నేరం చేశామని ఎవరూ అనలేదు, తప్పయిందని ఎవరూ రాలేదు. ఆ పల్లె పిల్లాడు ఒకడు నీ క్లాసులో లేచి, టీచర్, మా తాతను చంపినవాళ్లను కూడా క్షమించాలా అంటే ఏం చెబుతావు?

(టీచరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. వాదనలో ఆయన గెలిచాడనే అనుకున్నాను. కానీ ఆవిడ మౌనంగా ఉన్నది జవాబు లేక కాదు. జవాబు ఎక్కడ మొదలుపెట్టాలా అని.)

టీచరమ్మ: క్షమించాలని చెప్పను. క్షమించమని ఒకరు ఇంకొకరికి చెప్పే పనే కాదది. నేను ఈ కథ ఎందుకు చెప్పాలనుకున్నానో మీకు చెప్పలేదు. మొన్న మా హాస్టల్లో తొమ్మిదో తరగతివాడు ఒకడు భోజనాల దగ్గర గొడవపడి స్టీలు కంచంతో తోటివాణ్ణి కొట్టాడు. రెండు పళ్లు ఊడాయి. మర్నాడు వాడికి టీసీ ఇచ్చి పంపేశారు. తీసుకెళ్లడానికి అమ్మమ్మ వచ్చింది. గేటు దగ్గర కవర్లో అరటిపళ్లు పట్టుకుని నిలబడింది, ఆ దెబ్బతిన్న పిల్లాడికట. లోపలికి రానివ్వలేదు. ఆ కవరు వాచ్‌మన్ చేతికిచ్చి మనవణ్ణి తీసుకుని వెళ్లిపోయింది. మేం ఇరవై మంది టీచర్లం ఉన్నాం, ఒక్కరం కూడా గేటు దాకా వెళ్లలేదు. మీరు ముప్ఫై ఏళ్లలో ఒక్క ప్లెస్‌ను చూడలేదన్నారు. వచ్చినా లోపలికి రానిచ్చే ఏర్పాటేదీ మన దగ్గర?

ప్లీడరుగారు: (కొంచెం ఆగి) ఆ పళ్లు ఊడిన పిల్లాడు ఏమన్నాడు?

టీచరమ్మ: అంటే?

ప్లీడరుగారు: వాణ్ణి అడిగారా ఎవరైనా? కొట్టినవాడి గురించి నీకు బాధ, వాడి అమ్మమ్మ గురించి బాధ. దెబ్బ తిన్నవాడికి ఏం కావాలో ఎవరన్నా అడిగారా?

టీచరమ్మ: లేదండీ. డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లాం.

ప్లీడరుగారు: అదీ సంగతి. ఈ క్షమ కథల్లో ఎప్పుడూ జరిగేదిదే. చూపంతా నేరం చేసినవాడి మీదికి పోతుంది. వాడు మారాడా, ఏడ్చాడా, బాగుపడ్డాడా! అశ్వత్థామ కథ చూడు. భాగవతంలో పోతన ద్రౌపది వాణ్ణి వదిలెయ్యమంటుంది. నిద్రలో ఉన్న తన అయిదుగురు బిడ్డల్ని చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, వీడి తల్లి కృపి కూడా నాలాగే ఏడవాలా అంటుంది. భీముడు ఒప్పుకోడు, చంపాల్సిందే అంటాడు. చివరికి తలమీద మణి కోసి, జుట్టు తీసి తరిమేస్తారు. మన హరిదాసులు ఈ ఘట్టం చెప్పి ఎంతమంది ఆడవాళ్లను ఏడిపించారో! కానీ తరవాత వాడేం చేశాడో చెప్పేటప్పటికి గొంతు తగ్గిస్తారు. ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీదికి అస్త్రం వేశాడు. కృష్ణుడు అడ్డం పడకపోతే పరీక్షిత్తు లేడు.

టీచరమ్మ: భారతంలో ద్రౌపది వేరు కదండీ. అక్కడ వాడి ప్రాణం తీసేదాకా లేవనని నిరాహారంగా కూర్చుంటుంది. వ్యాసుడు రెండు ద్రౌపదుల్నీ ఉంచాడు. క్షమించినావిడ గొప్పదనీ, పట్టుబట్టినావిడ తక్కువదనీ ఎవరూ అనలేదు. నేను పిల్లలకు ఒక ద్రౌపదినే ఎందుకు చెప్పాలి? ఇద్దర్నీ చెబుతాను. ఇక అశ్వత్థామ పోలికకి వస్తే, మీరు గుర్తుచేశారు కాబట్టి, టోనీ కథలో నేను దాటేద్దామనుకున్న ముక్క ఒకటుంది.

ప్లీడరుగారు: అనుకున్నా. ఏదో ఉండే ఉంటుందని.

టీచరమ్మ: 2000లో అజీమ్ జైలుకెళ్లి టోనీని కలిశాడు. అయిదేళ్లు పట్టింది ఆయనకి ఆ పని చేయడానికి. ఆ కుర్రాడి కళ్లలోకి చాలాసేపు చూశాడట, హంతకుడు కనపడతాడేమోనని. కనపడలేదట. తారిఖ్ ఆఖరి నిమిషాల గురించి అడిగాడు. ఎందుకంటే అవి తెలిసింది వాడికే. నిన్ను క్షమించానని చెప్పి, బయటికొచ్చాక మా ఫౌండేషన్‌లో ఉద్యోగముందన్నాడు. ఆ తరవాత ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. కానీ కొద్ది ఏళ్లకే టోనీ జైల్లో గార్డు మీద దాడి చేశాడు. దగ్గర ఆయుధం దొరికింది. శిక్షకి ఇంకో పదేళ్లు కలిపారు.

ప్లీడరుగారు: చూశావా!

టీచరమ్మ: చూశాను. మీరు చెప్పినట్టు క్షమ మంత్రం కాదు, వేసిన మర్నాడు పని చెయ్యడానికి. అయినా అజీమ్ ఆపలేదు. ఉత్తరాలు ఆపలేదు, ఉద్యోగం మాట వెనక్కి తీసుకోలేదు. తాతా ఆపలేదు. ఆ మధ్యలో ఎన్నేళ్లు నడిచాయో ఆలోచించండి. కథ చెప్పేవాళ్లు రెండు దృశ్యాలే చెబుతారు. జైల్లో కౌగిలించుకోవడం, విడుదల రోజు నవ్వడం. నడిమి పదిహేను పద్దెనిమిదేళ్లు ఎవరికీ పట్టవు. వాడు తప్పులు చేస్తున్నా, ఈ ముసలాళ్లిద్దరూ అదే బడికి, అదే కుర్చీల్లో కూర్చోడానికి వెళ్తూనే ఉన్నారు. స్నేహమంటే ఆ వెళ్లడమే. పరిచయమైన రోజుది కాదు.

ప్లీడరుగారు: మరి మిగతావాళ్లు? తారిఖ్ తల్లి, తోబుట్టువులు, వాళ్లూ ఇట్లాగే చేతులు చాచారా? ఒక మనిషి క్షమిస్తే ఇంటిల్లిపాదీ క్షమించినట్టు రాసేస్తారు.

టీచరమ్మ: తారిఖ్ అక్క టస్రీన్ తరవాత ఆ ఫౌండేషన్ నడిపే బాధ్యత తీసుకుంది. ఆమెకి టోనీని కలవడానికి తండ్రి కంటే చాలా ఏళ్లు ఎక్కువ పట్టింది. తారిఖ్‌ను పెళ్లాడాల్సిన అమ్మాయి అసలు కోలుకోలేదు, చిన్న వయసులోనే పోయింది. ఆ సంగతి అజీమ్ దాచలేదు, తనే చెబుతాడు.

ప్లీడరుగారు: అది కూడా చెబుతావా పిల్లలకి?

టీచరమ్మ: మీరడక్కపోతే చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు చెబుతాను.

(ఈ అమ్మాయి ఓడిపోతూ గెలుస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. ప్లీడరుగారు ఒక్కొక్క అభ్యంతరం తెచ్చేకొద్దీ ఆవిడ కథ పొడుగవుతోంది, తీపి తగ్గుతోంది. మొదట పైనుంచి తెచ్చినప్పటి కథ ఇది కాదు. నాకైతే ఇదే బాగుంది.)

ప్లీడరుగారు: విడుదల ఎప్పుడైంది?

టీచరమ్మ: 2018 నవంబరులో పెరోల్ బోర్డు ఒప్పుకుంది. 2019లో బయటికొచ్చాడు. పద్నాలుగేళ్లకి లోపలికెళ్లినవాడు నలభైకి దగ్గరపడి వచ్చాడు. పెరోల్ ఇవ్వమని అజీమ్ వాడి తరఫున నిలబడ్డాడు. ఇంకో విచిత్రం చెప్పనా? 1995లో వయసును పద్నాలుగుకు దించిన ఆ రాష్ట్రమే 2018లో చట్టం తిప్పేసింది. 2019 జనవరి నుంచి పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లను పెద్దల కోర్టుకు పంపడం దాదాపుగా ఆపేసింది. ఏ చట్టంతో టోనీని లోపలేశారో ఆ చట్టం, టోనీ బయటికొచ్చేసరికి లేదు.

ప్లీడరుగారు: చట్టాలు అంతేనమ్మా. ఒక ఘోరం జరిగితే బిగిస్తారు, పాతికేళ్లకి వదులు చేస్తారు. నేను రెండూ చూశాను. కానీ నీ ఖమీసా సంగతిలో ఒకటి గమనించావా? వాడు ఇరవై నాలుగేళ్లు జైల్లో ఉన్నాడు కాబట్టే నీకీ కథ అందంగా కనిపిస్తోంది. మూడేళ్లకే బయటికొచ్చి శాన్ డియేగో వీధుల్లో పిజ్జా తింటూ కనపడితే, అజీమ్ అదే మాట అనేవాడా? నువ్వు మెచ్చుకునేదానివా? నాలాంటివాళ్లు వేయించిన శిక్ష మీద నిలబడి మీరు క్షమ మాట్లాడుతున్నారు.

టీచరమ్మ: కొంత నిజమే. కానీ టోనీకి శిక్ష పడకముందే అజీమ్ తాతని కలిశాడు. తీర్పు ఎలా ఉంటుందో తెలియక ముందే. శిక్ష చూసి తృప్తిపడి చేసిన పని కాదు. ఇంకొకటి. నేరం ఒప్పుకోవడానికి ముందు టోనీ తాత ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడట, ఆ మనిషిని అలా చేశానే అని. తప్పించుకునే దారి చూడమని తాత చెప్పలేదు. ఒప్పుకుని శిక్ష అనుభవించమన్నాడు. కోర్టులో వాడు లేచి, ఏ కారణమూ లేకుండా తారిఖ్‌ను చంపానని, మిస్టర్ ఖమీసా తనను క్షమించాలని కోరుకుంటున్నానని అన్నాడు. మీ వేల కేసుల్లో ఆ మాట ముద్దాయి నోట విన్నారా?

ప్లీడరుగారు: ‘నేను నిర్దోషిని’ అని తప్ప ఇంకేమీ వినలేదు. అది వాడి హక్కు కూడా, తప్పు పట్టను. ఒప్పుకుంటే ఉరో యావజ్జీవమో. డిఫెన్సు లాయరు వాణ్ణి నోరు తెరవనివ్వడు. మన పద్ధతిలో నేరం చేసినవాడు ఆ మాట అనడానికి చోటే లేదు. తీర్పయ్యాక అంటాడా అంటే, అప్పీలు ఉంటుంది. అప్పీలు అయ్యేసరికి ఎవరో ఒకరు చచ్చిపోయి ఉంటారు.

టీచరమ్మ: నేనూ అదే అడుగుతున్నాను, చోటు గురించే. అరటిపళ్ల కవరుతో వచ్చిన ముసలావిడకి చోటు. దెబ్బ తిన్న పిల్లాడు ‘నాకు వాడి మొహం చూడాలని లేదు’ అంటే అనుకోనిచ్చే చోటు. క్షమ ఉంటుందో ఉండదో తరవాత సంగతి.

ప్లీడరుగారు: ఆ రెండోది మర్చిపోకు. వాడు లేదంటే లేదే.

టీచరమ్మ: లేదంటే లేదే.

ప్లీడరుగారు: అయితే ఒక పని చెయ్యి. నీ కథ అజీమ్‌తో మొదలుపెట్టకు. మంచివాడితో మొదలుపెడితే పిల్లలు నీతిపాఠం అనుకుని కిటికీలోంచి చూస్తారు. తాతతో మొదలుపెట్టు. ఇంట్లో మనవడి చీటీ చూసుకున్న మనిషి, మీవాడు హంతకుడని పోలీసులు చెప్పగా విన్న మనిషి. ఆయనకి పారిపోయే వీలుంది, ఊరు మారిపోయే వీలుంది. అబద్ధం చెప్పే వీలుంది. ఏదీ చెయ్యకుండా ఆ గదిలోకి నడిచాడు. మన ఊళ్లల్లో లేనిది క్షమించేవాళ్లు కాదు, వాళ్లు బోలెడుమంది ఉన్నారు, బలవంతాన క్షమించి క్షమించి అరిగిపోయారు. లేనిది ఆ తాత.

టీచరమ్మ: తాతతోనే మొదలుపెడతాను. మరి చుండూరు సంగతి ఎవడైనా అడిగితే?

ప్లీడరుగారు: అడుగుతారు. అడక్కపోతే నువ్వే చెప్పు.

టీచరమ్మ: నాకు కోర్టు సంగతులు అంత వివరంగా రావు. మీరే వచ్చి చెప్పండి.

ప్లీడరుగారు: నేనా? పద్నాలుగేళ్ల పిల్లలకా? నాకు సాక్షులతో మాట్లాడడం వచ్చు గానీ... అవతలివాణ్ణి కూడా పిలుస్తారా, ఆ టీసీ ఇచ్చి మీరు పంపేసినవాణ్ణి?

టీచరమ్మ: ప్రిన్సిపాల్‌ని అడగాలి. ఒప్పుకుంటారో లేదో.

ప్లీడరుగారు: కాగితం మీద రాసి అడుగు. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు. అర్జీ నేను డ్రాఫ్టు చేసిస్తాను. నేను వచ్చే సంగతైతే మధ్యాహ్నం పెట్టకు, అన్నాలు తిన్నాక వాళ్లూ పడుకుంటారు, నేనూ పడుకుంటాను. పొద్దున పది లోపు చూడు.